మెడకు సూది సరే, మోతకు మందేది?



ఈ పత్రికలో ఇంతకుముందు నేను రాసినవన్నీ మద్దతు ధర గురించి, తరుగు గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి. ఈసారి నా మెడ గురించి రాస్తున్నాను. ఇదేం సంఘం పత్రికలో రాసే సంగతి అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివి చెప్పండి.

నాకు యాభై ఆరేళ్లు. మాది నల్గొండ జిల్లా. సొంతానికి రెండెకరాల వరి, కౌలుకు మూడెకరాల పత్తి. మూడేళ్లుగా మెడ నొప్పి. మొదట్లో పొద్దున లేవగానే మెడ బిగుసుకుపోయేది, నాలుగడుగులు వేస్తే సర్దుకునేది. నిరుడు పత్తికి మందు కొట్టిన రోజుల నుంచి నొప్పి కుడి భుజం మీదుగా చేతిలోకి దిగింది. బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకున్నా నిద్ర పట్టదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, మాత్రలు అయ్యాయి. మెడ పట్టీ అయింది. చివరికి మొన్న వానాకాలం పనులు ముగిసే ముందు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. ఎంఆర్ఐ తీశారు. మెడలో ఐదో ఎముకకు, ఆరో ఎముకకు మధ్య డిస్కు అరిగి పక్కకు జరిగిందని, నరాన్ని ఒత్తుతోందని చెప్పారు.

డాక్టరు మంచివాడే. తెర మీద ఫొటో చూపించి ఓపికగా చెప్పాడు. "ఆపరేషన్ అవసరం లేదు పెద్దాయనా. వెన్నులోకి స్టెరాయిడ్ సూది వేద్దాం. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ పనికి పోవచ్చు" అన్నాడు.

"ఏ పనికి సార్?" అని అడిగాను.

"మీ పనికే" అన్నాడు.

ఇచ్చిన కాగితం మీద చివరి వరుసలో మాత్రం "బరువులు ఎత్తరాదు" అని రాసి ఉంది. నా పనే బరువులు ఎత్తడం. ఆ రెండు మాటలు ఆ సారుకు ఒక వరుస, నాకు బతుకుదెరువు. ఈ వ్యాసం అంతా ఆ వరుస గురించే.

సూదికి అన్నీ కలిపి పాతిక వేలు అవుతుందన్నారు. 2025-26 సీజనుకు ఏ గ్రేడు వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే తరుగు, కోత ఏమీ లేకుండా పూర్తి ధర వచ్చిందనుకున్నా, పదిన్నర క్వింటాళ్ల వడ్లు ఒక సూది కింద పోతాయి. చేతిలో అంత లేదు. అప్పు తెస్తే నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు ఐదు వందలు. నొప్పి తగ్గినా తగ్గకున్నా మిత్తి మాత్రం నెల నెలా పెరుగుతుంది.

"ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా" అని కొందరన్నారు. నిజమే, ఆ పథకం మనలో ఎంతోమంది ప్రాణాలు కాపాడింది. కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల జాబితా మీద నడుస్తుంది. ఊరికి దగ్గరలో వారానికి రెండుసార్లు మెడకు వ్యాయామం చేయించే మనిషిని అది మనకు పెట్టదు. గుండె ఆగబోతే ఆదుకునే ఏర్పాటు ఉంది. మెడ రోజుకింత అరిగిపోతుంటే ఆపే ఏర్పాటు లేదు.

సూది వేయించుకోవాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. మన సంఘం సభ్యుడి కొడుకు ఒకతను ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు. అతన్ని కూర్చోబెట్టి అడిగాను. అతను చదివి చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతులు ఆసుపత్రి బల్ల దగ్గర మనకెవరూ చెప్పరు.

ఈ సూదిలో ఉండేది వాపును తగ్గించే స్టెరాయిడ్ మందు, తరచు దానితోపాటు మత్తు మందు. నరం చుట్టూ వాపు తగ్గితే కొంతకాలం నొప్పి తగ్గుతుంది. అరిగిన డిస్కును అది తిరిగి నిలబెట్టదు. నొప్పి చేతిలోకి దిగుతున్న వాళ్లలో కొందరికి కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు ఉపశమనం దొరకవచ్చు. అమెరికాలో నరాల డాక్టర్ల సంఘం 2025లో పాత పరిశోధనలన్నీ తిరగేసి ఇంచుమించు ఇదే చెప్పింది. పైగా ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం నడుము మీద చేసినవి. మెడకు ఎంత పని చేస్తుందో వాటిని బట్టి గట్టిగా చెప్పడానికి లేదని కూడా అంది.

అదే 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో మార్గదర్శకం వచ్చింది. డాక్టర్లతోపాటు నొప్పితో బతుకుతున్న రోగులు కూడా కూర్చుని తయారు చేసింది అది. క్యాన్సర్ గాని, కీళ్ల వాపు జబ్బు గాని లేకుండా మూడు నెలలకు మించి మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఈ సూదులు వేయవద్దని అది గట్టిగా చెప్పింది. ఉత్తుత్తి సూది వేసిన వాళ్లకు, నిజం సూది వేసిన వాళ్లకు మధ్య నొప్పిలో పెద్ద తేడా కనపడలేదన్నది వారి లెక్క. నొప్పి వైద్యం చేసే డాక్టర్ల సంఘాలు కొన్ని దీన్ని ఒప్పుకోలేదు, ఎదురు వాదించాయి. కాబట్టి డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు.

ఇంకొకటి. వెన్ను లోపలికి వేసే స్టెరాయిడ్ సూదుల వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం దాకా జరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఏప్రిల్‌లో హెచ్చరిక ఇచ్చింది. అరుదే. కాని మెడలో వెన్నుపాము, మెదడుకు పోయే రక్తనాళాలు పక్కపక్కనే ఉంటాయి. అరుదైనా జరిగితే ఇంటిల్లిపాదీ మునుగుతారు. ఇది తెలిసిన తర్వాత ఒప్పుకోవడం వేరు, తెలియకుండా సంతకం పెట్టడం వేరు.

ఇదంతా విని మా ఇంటిదానికి చెబితే ఆమె ఒక్కటే అడిగింది. "ఆ సూది ఏసుకుంటే నొప్పి పోతదా, నొప్పి తెల్వకుండ పోతదా?"

అసలు ప్రశ్న అదే. నొప్పి తెలియకుండా పోతే నేనేం చేస్తాను? మూడో రోజు పంపు భుజానికి ఎత్తుకుంటాను. మందు కొట్టే పంపులో 16 లీటర్ల నీళ్లు. పంపుతో కలిపి 20 కిలోలకు తక్కువ ఉండదు. ఎకరాకు 200 లీటర్లు కొడితే పన్నెండు పదమూడు ట్యాంకులు. మూడెకరాలకు ఒక్క దఫా అయ్యేసరికి దాదాపు నలభై సార్లు ఆ పంపు భుజం మీదికి ఎక్కి దిగుతుంది. సీజనులో ఎన్ని దఫాలు కొడతామో మీకు నేను చెప్పాలా? పంపు బెల్టు ఎక్కడ ఒత్తుతుందో, తల ముందుకు వంచి చాళ్ల మధ్య ఎట్లా నడుస్తామో మీ అందరికీ తెలుసు. నొప్పి ఉంటే పదో ట్యాంకు దగ్గర ఆగుతాను. నొప్పి లేకపోతే ఇరవై దాకా పోతాను. అంటే పాతిక వేలు పెట్టి నా మెడను ఇంకో సీజను అరగదీయడానికి అనుమతి కొనుక్కుంటున్నానన్న మాట.

ఇక్కడ మన తోటి రైతులు కొందరు నాతో గొడవ పడ్డారు. "అన్నా, పంట చేతికొచ్చేదాకా లాగితే చాలు, తర్వాత సంగతి తర్వాత" అన్నాడొకతను. ఆ మాటను నేను తీసిపారేయను. నెలల తరబడి నిద్ర లేని మనిషికి వారం రోజుల నిద్ర ఎంత విలువైనదో నాకు తెలుసు. నరం నొప్పితో చెయ్యి ఎత్తలేని వాడు అన్నీ తెలుసుకుని సూది వేయించుకుంటే తప్పు పట్టడానికి నేనెవరిని? నా కోపం సూది మీద కాదు, వేయించుకునే వాళ్ల మీద అంతకన్నా కాదు. మోత అట్లాగే ఉంచి సూది ఒక్కటే మన చేతిలో పెట్టే ఏర్పాటు మీద.

మోత లెక్క చూడండి. మా చిన్నతనంలో వడ్ల బస్తా అంటే 75 కిలోలు. ఆంధ్ర వైపు ఇప్పటికీ బస్తా లెక్క అదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఏం చెప్పిందో తెలుసా? ఒక మగ కూలీ మోసే బరువు 55 కిలోలకు మించి ఉంటే వీలైనంత త్వరగా ఆ స్థాయికి తగ్గించాలని సిఫార్సు చేసింది. ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలంది. దాదాపు అరవై ఏళ్ల కిందటి మాట అది. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో ఇప్పుడు 40 కిలోల సంచులు నింపుతున్నాం. దాని మీద కోసే తరుగు సంగతి వేరే, అది మరో పోరాటం. కాని సంచి చిన్నదైతే లోకం మునిగిపోలేదు కదా! యూరియా బస్తాను 2018లో కేంద్రం 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించింది. మన మెడ కోసం తగ్గించలేదు, ఎరువు వాడకం తగ్గుతుందని తగ్గించింది. వాళ్లకు అవసరమైతే సంచి బరువు ఒక్క ఉత్తర్వుతో తగ్గుతుందని దీంతో తేలింది.

పరిహారం సంగతి చూడండి. పని వల్ల దెబ్బ తగిలినా, కొన్ని జబ్బులు వచ్చినా కార్మికుడికి పరిహారం ఇవ్వాలనే చట్టం ఈ దేశంలో 1923లోనే వచ్చింది. దానికి యజమాని ఒకడు ఉండాలి. సొంత చేలో పని చేసే రైతుకు యజమాని ఎవరు? పంట ధర మన చేతిలో లేదు. విత్తనం ధర మన చేతిలో లేదు. కాని మెడ పోతే మాత్రం నీ పొలం, నీ పని, నీ మెడ అంటారు.

రైతు బీమా సంగతి చూడండి. 2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే. కాని బతికి ఉండి చెయ్యి పడిపోయిన రైతుకు అందులో ఒక్క రూపాయి లేదు. కౌలు రైతుకు అసలే లేదు. నాకు ఇంకో మూడేళ్లలో ఆ వయసూ దాటిపోతుంది. చస్తే 5 లక్షలు, మెడ విరిగి మంచాన పడితే సున్నా. ఇట్లాంటి లెక్క ఎవరు గీశారో మనం అడగాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా మెడకు ఎంఆర్ఐ తీశారు. మా ఇంటిదాని మెడకు జండూబామ్. ముప్పై ఏళ్లుగా రోజూ బర్రెలకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. నాట్ల కాలంలో రోజంతా బురదలో వంగి ఉంటుంది. "నాకూ మెడ గుంజుతుంది" అని ఎన్నిసార్లు అన్నదో, ఎన్నిసార్లు నేను "పని చేస్తే గుంజదా" అని ఊరుకున్నానో లెక్క లేదు. మన సంఘం సమావేశాల్లో ఆడవాళ్ల మెడల గురించి ఒక్కసారైనా మాట్లాడామా? ప్రభుత్వాన్ని తిట్టే ముందు ఇది మన ఇళ్లల్లో, మన సంఘంలో సరిదిద్దుకోవాల్సిన విషయం.

ఒంటి నొప్పి ఉమ్మడి సమస్య ఎట్లా అవుతుంది అనే వాళ్లకు మా జిల్లానే జవాబు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడలు తిరగక, నడుములు వంగిపోయిన వాళ్లను మేం కళ్లారా చూశాం. వాళ్లలో ఒక్కొక్కరిని ఒక్కో ఆసుపత్రికి పంపితే తీరే గోస కాదది. రోగం నీళ్లలో ఉంది కాబట్టి జనం నీళ్లు అడిగారు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ పడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అప్పుడు దేశం నల్గొండ నీళ్ల వైపు తిరిగి చూసింది. ఆ గోస తీరడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది, వంగిన నడుములు మళ్లీ నిలబడలేదు. కాని రోగం మూలం నీళ్లలో ఉందని, ఆ నీళ్లు మార్చాలని ఎవరూ కాదనలేని స్థితి వచ్చింది. మన మెడల రోగం మూలం మోతలో ఉందని ఆ విధంగా చెప్పించలేమా?

సూది ఆలోచనలో ఉన్న మిత్రులకు నాకు తెలిసినంతలో నాలుగు మాటలు. డాక్టరును ఇవి అడగండి:

1. నా నొప్పి మెడలోనిదా, నరం నొక్కుకుని చేతిలోకి దిగేదా? నాలాంటి వాళ్లకు ఈ సూది ఎన్ని వారాలు పని చేస్తుంది?
2. యాభై దాటిన వాళ్లకు నొప్పి లేకపోయినా ఎంఆర్ఐలో అరుగుదల కనపడుతుందట. నా నొప్పికి కారణం ఫొటోలో కనపడేదేనని ఎట్లా చెబుతున్నారు?
3. ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేస్తారా? ఏదైనా తేడా వస్తే చూసుకునే ఏర్పాటు అక్కడే ఉందా?
4. నాకు షుగరు ఉంది, స్టెరాయిడ్ వల్ల అది పెరిగితే ఏం చేయాలి? రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే అది కూడా చెప్పండి. వాటిని సొంతంగా ఆపకండి.
5. మొత్తం ఖర్చెంత? మళ్లీ ఎన్నిసార్లు వేయాల్సి రావచ్చు? సూది లేకుండా ముందు చేయదగినవన్నీ చేశామా?

నరం నొక్కుకున్న వాళ్లలో చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో, సూది గాని ఆపరేషన్ గాని లేకుండానే నెమ్మదిస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఆర్‌ఎంపీ ఇచ్చే "దెబ్బకు తగ్గే" మాత్రలో ఏముందో అడగకుండా నెలల తరబడి మింగకండి. కాని చేతి పట్టు సడలి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, నడకలో తూలుతున్నా, మూత్రం అదుపు తప్పినా ఒక్క రోజు కూడా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి పోండి. ఈ వ్యాసం చదివి ఇంట్లో కూర్చుంటే నేను మీకు అన్యాయం చేసిన వాణ్ణవుతాను.

నా నిర్ణయం చెబుతాను. ఇప్పటికి సూది వద్దనుకున్నాను. జిల్లా ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పించుకుని ఇంటి దగ్గర చేస్తున్నాను. మూడు నెలలు పంపు ముట్టను, బస్తా ఎత్తను. ఈ నిర్ణయం ఉచితంగా రాలేదు. కౌలుకు తీసుకున్న మూడెకరాల పత్తి చేను వచ్చే ఏటికి వదిలేస్తున్నాను. పదకొండేళ్లు దున్నిన చేను అది. రోజుకింత మనిషిని పెట్టి మందు కొట్టిస్తే మిగిలేది లేదు, నేనే కొడితే మెడ మిగలదు. మూడు నెలల తర్వాత కూడా నొప్పి ఇట్లాగే ఉంటే సూది గురించి మళ్లీ ఆలోచిస్తాను. అప్పుడు వేయించుకున్నా, పంపు ఎత్తడానికి వేయించుకోను.

అందరూ నాలాగా చేను వదులుకోలేరు. చాలామందికి వదులుకోవడానికి అదొక్కటే ఉంది. అందుకే ఇది ఒక్కొక్కరం ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదంటున్నాను. మన డిమాండ్లలో ఇవి చేరాలి. ధాన్యం, ఎరువు, విత్తనం, దాణా ఏ సంచీ 40 కిలోలు దాటకూడదు. మార్కెట్ యార్డుల్లో హమాలీ అన్నలకూ ఇదే వర్తించాలి. ఇది మనకూ వాళ్లకూ ఉమ్మడి పోరాటం. చక్రాల మీద నడిచే స్ప్రేయర్లు, పొడవు పైపు పంపులు ప్రతి ఊళ్లో తక్కువ అద్దెకు దొరకాలి. పల్లె దవాఖానకు వారానికి ఒక రోజైనా ఫిజియోథెరపీ మనిషి రావాలి. రైతు బీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి, కౌలు రైతులను, 59 దాటిన వాళ్లను చేర్చాలి.

ప్రభుత్వం లెక్కలు అడుగుతుంది. లెక్కలు మన దగ్గర లేవు, ఎందుకంటే మనం ఎప్పుడూ రాయలేదు. ఈ నెల సభ్యత్వం కోసం ఇంటింటికీ పోయినప్పుడు ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం వెంట తీసుకుపోవాలి. మెడ, నడుము, మోకాళ్లు ఎన్నాళ్లుగా నొస్తున్నాయి, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు పని పోయింది, ఏం అమ్ముకున్నారు అని రాయండి. ఇంటి యజమాని చెప్పింది ఒక్కటే రాసుకుని లేవకండి. వంటింట్లో ఉన్న మనిషిని బయటికి పిలిచి ఆమెనూ అడగండి.

నేను మొదటి పేజీ మా ఇంట్లోనే రాశాను. మొదటి పేరు ఆమెదే.